ముందు ఇంటి లెక్క, తర్వాతే దేశం: విదేశీ ఎమ్మెస్ గురించి అడిగిన ఉద్దానం విద్యార్థినికి

అమ్మా, మీరు అడిగినదాన్ని చదివేవారందరికీ తెలిసేలా ముందు క్లుప్తంగా చెబుతాను. పలాస దగ్గర ఉద్దానంలో మీ ఊరు. విజయనగరం జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలలో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) నాలుగో సంవత్సరంలోకి వచ్చారు. సీజీపీఏ 7.4. ఒక బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉండేది, రాసి గట్టెక్కారు. నాన్నగారికి మూడెకరాల జీడి, కొబ్బరి తోట తప్ప వేరే ఆదాయం లేదు. విశాఖ ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వారు జర్మనీలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయాన్ని, అమెరికాలో మరొకదాన్ని చూపించి, లక్షన్నర కడితే అన్నీ తామే చూసుకుంటామన్నారు. ఏ దేశం మంచిది, వాళ్లను నమ్మవచ్చా, అప్పు ఎలా పుడుతుంది, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన మీకు ఇంగ్లిషు పరీక్ష వస్తుందా అన్నవి మీ సందేహాలు. ఆడపిల్ల ఒక్కతే అంత దూరమా అని అమ్మగారు భయపడుతున్నారని కూడా రాశారు.

నేను జర్మనీలో విద్యుత్ ఇంజినీరింగ్ చదివి, అక్కడే కొంతకాలం ఉద్యోగం చేసి తిరిగి వచ్చాను. ఇప్పుడు విజయనగరంలో పాఠాలు చెబుతున్నాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లల దరఖాస్తులు చాలాకాలంగా చదువుతున్నాను, కాబట్టి జర్మనీ గురించి ఎక్కువగా, మిగతా దేశాల గురించి తక్కువగా చెబుతాను.

ఏ దేశం అన్నది మొదట తేల్చవలసిన విషయం కాదు. చదువు అయ్యాక ఉద్యోగం దొరక్క మీరు ఇంటికి తిరిగి వస్తే, మీ ఇల్లు నెలకు ఎంత వాయిదా కట్టగలదు? ముందు తేలవలసింది ఇది. ఈ మాట అశుభంగా తోచి తల్లిదండ్రులు దీని జోలికే పోరు. కానీ అప్పు పత్రం మీద మీ సంతకం పక్కన నాన్నగారి సంతకం కూడా ఉంటుంది. కాబట్టి ఈ లెక్క ఆయన ముందు కూర్చుని వేయండి. 15 లక్షల అప్పు, 10.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలసరి వాయిదా 20 వేల పైచిలుకు. అదే వడ్డీకి 40 లక్షలైతే దాదాపు 54 వేలు. మొదటిది, మీరు ఇక్కడే ఏదో ఒక ఉద్యోగంలో చేరినా, ఇబ్బంది పడుతూనైనా తీర్చగలిగేది. రెండోది తీరాలంటే పరాయి దేశంలో మంచి జీతంతో ఉద్యోగం వచ్చి తీరాలి, వీసా నిబంధనలు మారకూడదు, ఆరోగ్యం చెడకూడదు. 2018లో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో తోటలను ఏం చేసిందో చూసిన ఇల్లు మీది. ఇన్ని షరతులు అనుకూలించాలన్న అప్పును ఆ ఇంటి మీద పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం.

అమెరికా సంగతి ఇక్కడే తేల్చేస్తాను. అక్కడ ఎమ్మెస్‌కు ఫీజు, ఖర్చులు కలిపి ఏడాదికి 35 నుంచి 45 వేల డాలర్లు చూపించే విశ్వవిద్యాలయాలు సర్వసాధారణం. ఆ మొత్తం విశ్వవిద్యాలయం వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రం మీదే ఉంటుంది. దాన్ని రెండేళ్లకు లెక్క కట్టి చూడండి. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద ఏడాది, ఇంజినీరింగ్ చదివినవారికి మరో 24 నెలలు పనిచేసే అవకాశం ఉంది. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా, అందులో లాటరీ, ఆ నిబంధనలు కూడా ఇటీవల తరచూ మారుతున్నాయి. చదువుకునే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల పనికే అనుమతి. బయట పెట్రోలు బంకుల్లో చేతికి డబ్బు తీసుకుని పనిచేసి ఖర్చులు వెళ్లదీయవచ్చని ఎవరైనా చెబితే, మీ వీసానే పణంగా పెట్టమంటున్నారని అర్థం. స్నేహితులందరూ వెళ్తున్నారని రాశారు. వాళ్లలో ఎవరి ఇంట్లో ప్రభుత్వ జీతం ఉందో, ఎవరికి విశాఖలో సొంత ఇల్లు ఉందో మీకు తెలుసు. మీ లెక్క వేరు.

ఇక జర్మనీ. అక్కడ చదువు ఉచితమన్న మాటలో సగమే నిజం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో బోధనా రుసుము లేదు. సెమిస్టరుకు వంద నుంచి నాలుగు వందల యూరోల వరకు సెమిస్టర్ చందా కడితే చాలు. కానీ బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఐరోపా బయటివారు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు కడుతున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాల సెమిస్టరు నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటోంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలైతే ఏడాదికి పది వేల యూరోలు దాటడం మామూలే. కన్సల్టెన్సీ వారు మీకు చూపించింది ఈ చివరి రకం. దానికి కారణం ఉంది. విద్యార్థిని తెచ్చినందుకు ప్రభుత్వ విశ్వవిద్యాలయం దళారికి పైసా ఇవ్వదు, ప్రైవేటు సంస్థ కమీషన్ ఇస్తుంది. ప్రైవేటు సంస్థలన్నీ చెడ్డవి అనను. కానీ కొన్ని కోర్సుల్లో పాఠాలు సగం ఆన్‌లైన్‌లో ఉంటాయి, అలాంటి చదువుకు విద్యార్థి నివాస అనుమతి నిరాకరించిన సందర్భాలు ఉన్నాయి. వాళ్లు చూపించిన ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయాన్ని వదిలేయండి.

రుసుము లేకపోయినా డబ్బు చూపించాలి. ఆ డబ్బు జమ చేసే ఖాతాను బ్లాక్డ్ అకౌంట్ అంటారు. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. యూరో వంద రూపాయలనుకున్నా 12 లక్షలకు దగ్గర. ఇది ఎవరికో కట్టే ఫీజు కాదు. మీ పేరు మీదే ఉంటుంది, అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మీకే వస్తుంది. దానితోనే అద్దె, తిండి, ఆరోగ్య బీమా గడవాలి. మ్యూనిక్‌లో ఆ డబ్బుతో గడవడం చాలా కష్టం. మాగ్డెబర్గ్, కాట్‌బుస్, రోస్టాక్ వంటి తూర్పు జర్మనీ నగరాల్లో అద్దెలు తక్కువ కాబట్టి గడుస్తుంది. పైగా ఈ మూడు చోట్లా ఎలక్ట్రికల్, పవర్ ఇంజినీరింగ్ మాస్టర్స్ ఇంగ్లిషులో ఉన్నాయి. పేరున్న పెద్ద నగరం కోసం వెంపర్లాడవద్దని మీలాంటి పిల్లలకు నేను మొదట చెప్పేది ఇందుకే.

బ్లాక్డ్ అకౌంట్ ఒక ఏడాదికే అన్నది మరచిపోకండి. రెండో ఏడాది నివాస అనుమతి పొడిగించేటప్పుడు మళ్లీ డబ్బు చూపించాలి. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. రెండో ఏడాదిని అలా గడిపేవారు చాలామందే ఉన్నారు. కానీ మొదటి సెమిస్టరులో పని దొరుకుతుందని లెక్కల్లో రాసుకోవద్దు. ఆ నెలల్లో చదువు, చలి, కొత్త భాష కలిసి మీద పడతాయి. అప్పుడు చేతిలో డబ్బు లేక గోదాములో రాత్రి పనికి వెళ్లిన పిల్లలే పరీక్షల్లో తప్పడం నేను చూశాను.

ఇప్పుడు మీ మార్కులు. ఈ లెక్క మన కళాశాలల్లో ఎవరూ చెప్పరు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. జర్మనీలో 1 అత్యుత్తమం, 4 కనీస ఉత్తీర్ణత. మన మార్కులను అటు మార్చడానికి సవరించిన బవేరియా సూత్రం వాడతారు. గరిష్ఠ గ్రేడులోంచి మీ గ్రేడును తీసేయండి. వచ్చినదాన్ని గరిష్ఠ గ్రేడుకూ కనీస ఉత్తీర్ణత గ్రేడుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపండి. మీ విషయంలో పదిలోంచి 7.4 పోతే 2.6. మీ విశ్వవిద్యాలయంలో కనీస ఉత్తీర్ణత పాయింటు 5 అయితే మీ జర్మన్ గ్రేడు 2.56 అవుతుంది. కనీస పాయింటు 4 అయితే 2.3. చాలా కోర్సుల్లో అర్హతకు 2.5 గీత గీస్తారు. అంటే మీరు ఆ గీతకు ఇవతల ఉన్నారా, అవతల ఉన్నారా అన్నది మీ మార్కుల మెమో వెనుక ఉన్న గ్రేడింగ్ పట్టిక మీద ఆధారపడి ఉంది. దాన్ని ఈ వారమే చూడండి. 5 అని ఉంటే మిగిలిన రెండు సెమిస్టర్లలో సీజీపీఏను 7.5కు తెచ్చుకోవడం మీ మొదటి పని, అప్పుడు సరిగ్గా 2.5 వస్తుంది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిషు పరీక్ష శిక్షణ కోసం సెమిస్టరు పరీక్షలను నిర్లక్ష్యం చేసే పిల్లలు ఈ చిన్న తేడాతోనే ఆగిపోతున్నారు.

గీత దాటగానే సీటు వస్తుందనీ కాదు. మీరు చదివిన సబ్జెక్టులు వాళ్ల కోర్సుకు సరిపోతాయా అని ఒక్కొక్కటీ చూస్తారు. గణితం ఎన్ని క్రెడిట్లు, మౌలిక విద్యుత్ సబ్జెక్టులు ఎన్ని క్రెడిట్లు అని కోర్సు నిబంధనల్లో రాసి ఉంటుంది. మీ సిలబస్ పుస్తకాన్ని పీడీఎఫ్ రూపంలో దగ్గర పెట్టుకోండి. చాలాచోట్ల దాని నుంచే సబ్జెక్టుల వివరణ పత్రం తయారు చేయవలసి వస్తుంది. ఆ పనికి పూర్తిగా ఒక వారం కేటాయించండి. మీ సబ్జెక్టుల్లో ఏముందో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టడం కూడదు.

బ్యాక్‌లాగ్ ఒకటి ఉండి పోయిందని బెంగపడకండి, దాచకండి కూడా. మెమోల మీద ఉన్న తేదీలు చూసేవారికి అది తెలిసిపోతుంది. మన దేశం నుంచి చదువుకు వెళ్లేవారిలో దాదాపు అందరికీ 2022 నవంబరు నుంచి ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి అయింది. ఢిల్లీలోని జర్మన్ రాయబార కార్యాలయానికి చెందిన విభాగం మీ చదువు పత్రాలు నిజమైనవో కావో పరిశీలించి ఇస్తుంది. రుసుము 18 వేల రూపాయలు. ఇది లేకుండా వీసా రాదు, చాలా విశ్వవిద్యాలయాలు దరఖాస్తునే తీసుకోవు. దీన్ని కన్సల్టెన్సీ చేయవలసిన పని ఏమీ లేదు. ఫారం నింపి, పత్రాల నకళ్లు పంపి, ఎదురుచూడడమే. ఆ ఎదురుచూపు వారాల్లో ఉంటుంది కాబట్టి దరఖాస్తు గడువు దగ్గర పడ్డాక మొదలుపెడితే అందదు.

కన్సల్టెన్సీని నమ్మవచ్చా అన్నదానికి నా సమాధానం: చదివి సలహా చెప్పేవారిగా ఉంటే తప్పులేదు, మీ పేరుతో రాసేవారిగా మాత్రం వద్దు. ఏ దరఖాస్తుకైనా ఈమెయిల్ మీదే, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. తమ ఈమెయిల్ పెట్టి దరఖాస్తులు వేసి, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాలు విద్యార్థికి చూపించకుండా, మిగతా డబ్బు కడితేనే ప్రవేశపత్రం ఇస్తామని కూర్చున్న వ్యవహారాలు నా దగ్గరికి వచ్చాయి. అనుభవ పత్రాలు, ప్రాజెక్టు పత్రాలు పుట్టించి ఇస్తామన్నవారి గడప మళ్లీ తొక్కకండి. అమెరికా చట్టం ప్రకారం తప్పుడు పత్రంతో వీసా కోరితే జీవితకాలం ప్రవేశం నిషేధించవచ్చు, బ్రిటన్‌లో పదేళ్ల నిషేధం ఉంది. పత్రం ఎవరు తయారు చేసినా శిక్ష సంతకం పెట్టినవారికే.

ప్రవేశపత్రం వచ్చింది కదా అని విశ్వవిద్యాలయం అసలుదేనని నమ్మవద్దు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు రోడ్డున పడినవారిలో మన తెలుగు పిల్లలు చాలామంది. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని మిషిగన్‌లో వల వేయడానికి అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే నడిపారు. తరగతులే లేని ఆ చోట డబ్బు కట్టి చేరినవారిలోనూ, చేర్పించి అరెస్టయిన దళారుల్లోనూ తెలుగువారు ఉన్నారు. జర్మనీ విషయంలో విద్యార్థుల మార్పిడి చూసే అక్కడి డీఏఏడీ సంస్థ వెబ్‌సైటులో కోర్సుల జాబితా ఉంది. రుసుము, భాష, గడువు, అర్హత అన్నీ అక్కడే ఉంటాయి, చూడడానికి రూపాయి ఖర్చు లేదు. అక్కడి నుంచి ఒక కాగితం మీద పది, పన్నెండు కోర్సులు రాసుకుని, ఒక్కో విశ్వవిద్యాలయం సొంత పేజీలో సరిచూసుకోండి. కొన్ని నేరుగా దరఖాస్తు తీసుకుంటాయి, కొన్ని యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా. అక్కడ మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, అదే సెమిస్టరుకు తర్వాతి ఒక్కోదానికి 30. ఆ లక్షన్నరలో చిన్న భాగంతోనే మీ దరఖాస్తులన్నీ అయిపోతాయి.

పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ మనవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. ఇంటర్‌లో పొడి అక్షరం. ఆధార్‌లో అక్షరక్రమం వేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే అమెరికా వీసా మీద ముందు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ముందు పేరు తెలియదు) అని పడుతుంది, ఆ తర్వాత బ్యాంకు ఖాతా దగ్గరా వివరణ ఇచ్చుకోవాలి. మీ పదో తరగతి మెమోలో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని, దాని ప్రకారమే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు రెండు గడులూ నింపించండి. పుట్టిన తేదీ కూడా అంతే. పాస్‌పోర్టు ఇంకా తీసుకోకపోతే ముందు ఆధార్ సరిచేయించి, తర్వాత దరఖాస్తు చేయండి. 2022లో జేఎన్‌టీయూ గురజాడ ఏర్పడ్డాక మన దగ్గర ఇంకో సందేహం వస్తోంది. అంతకు ముందు కాకినాడ జేఎన్‌టీయూ పేరుతో మెమోలు పొందిన సీనియర్లు ట్రాన్‌స్క్రిప్టుల కోసం ఎటు వెళ్లాలో తెలియక తిరుగుతున్నారు. మెమో మీద ఏ విశ్వవిద్యాలయం పేరుందో అక్కడి పరీక్షల విభాగమే ఇవ్వాలి. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలైతే ముందు కళాశాల పరీక్షల విభాగంలో అడగండి.

అప్పు గురించి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో విద్యారుణం ఏడున్నర లక్షల వరకు సాధారణంగా ఆస్తి తనఖా లేకుండా దొరుకుతుంది, తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా ఉండాలి. అది దాటితే ఆస్తి అడుగుతారు. మన ప్రాంతపు పిల్లలు చిక్కుకునేది ఇక్కడే. తోట ఉంది కదా అని నాన్నగారు ధీమాగా ఉంటారు. కానీ వ్యవసాయ భూమిని విద్యారుణానికి తనఖాగా బ్యాంకులు సాధారణంగా తీసుకోవు, అది జిరాయితీ (సొంత పట్టా) అయినా సరే. డి-పట్టా (ప్రభుత్వం పంచిన భూమి) అయితే మాటే లేదు. ఊళ్లో ఇల్లు గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉండి రిజిస్టర్డ్ దస్తావేజు లేకపోతే దాన్నీ ఒప్పుకోరు. వాళ్లు కోరేది రిజిస్టర్డ్ దస్తావేజు, దానికి వెనుకటి లింకు పత్రాలు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీల ధ్రువపత్రం), ప్లాను ఉన్న ఇల్లు లేదా స్థలం. ఆ మీద బ్యాంకు న్యాయవాది అభిప్రాయం, ఇంజినీరు విలువ కట్టడం ఉంటాయి. వీటికి నెల, రెండు నెలలు సులువుగా పోతాయి. కాశీబుగ్గలోనో శ్రీకాకుళంలోనో మేనమామకో బాబాయికో అలాంటి ఆస్తి ఉంటే, ఆయన ఒప్పుకుని హామీదారుగా సంతకం చేస్తే దాన్ని తీసుకునే బ్యాంకులు ఉన్నాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్‌ఐసీ పాలసీ సరెండర్ విలువ కూడా పనికొస్తాయి. బంధువుల ఆస్తి తీసుకునేటప్పుడు మాత్రం ఆయన భార్య, పిల్లలు కూడా ఉన్నప్పుడు విషయం విప్పి చెప్పండి. తర్వాత వచ్చే మనస్పర్థలకు ఏ బ్యాంకూ పరిష్కారం చూపదు.

బ్యాంకు మేనేజరును ఒక ప్రశ్న సూటిగా అడగండి: బ్లాక్డ్ అకౌంట్‌కు మొత్తం ఒకేసారి విడుదల చేస్తారా? బ్యాంకులు ఫీజును సెమిస్టరు వారీగా విశ్వవిద్యాలయానికి పంపడానికి అలవాటు పడి ఉంటాయి. జర్మనీలో ఫీజే లేదు, జీవన వ్యయం ఒక్కసారిగా జమ కావాలి అంటే కొన్ని శాఖల్లో అర్థం కాదు. మంజూరు పత్రంలోనే ఆ మాట రాయించుకోండి. చిన్న శాఖలో తెలియకపోతే జిల్లా కేంద్రంలోని పెద్ద శాఖకు వెళ్లండి. విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా దరఖాస్తు చేస్తే మీ దరఖాస్తు ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది, ఆ రికార్డు ఉండడం మంచిది. తనఖా లేకుండా ఇచ్చే ఫైనాన్స్ సంస్థలు త్వరగా ఇస్తాయి, కానీ వడ్డీ ఎక్కువ, చాలావరకు మొదటి నెల నుంచే వడ్డీ కట్టమంటాయి. ప్రభుత్వ బ్యాంకులో చదువు కాలం, ఆపై ఏడాది విరామం దొరుకుతుంది. ఆ కాలంలో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. 15 లక్షలకు 10.5 శాతం అంటే నెలకు 13 వేల పైన. వీలైతే అది నెలనెలా కట్టేయడం మేలు. ఊళ్లో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఖాతాలో కొన్నాళ్లు చూపించే పద్ధతి ఒకటుంది. అది వద్దు. బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు నిజంగా ఉండాలి, చూపించి తీసేయడానికి వీలుండదు.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనం తప్పక చూడండి. సామాజిక న్యాయ శాఖది ఒకటి, గిరిజన వ్యవహారాల శాఖది ఒకటి. సీతంపేట వైపు సవర, జాతాపు పిల్లలకు ఈ సంగతి చెప్పేవారే ఉండరు. సీట్లు తక్కువ, కానీ దరఖాస్తులు వేసేవారూ మన వైపు నుంచి తక్కువే.

ఇంగ్లిషు విషయంలో మీరు అనవసరంగా కుంగిపోతున్నారు. తెలుగు మాధ్యమంలో చదివి, ఐఈఎల్‌టీఎస్‌లో 6.5, 7 తెచ్చుకున్నవారు నా దగ్గర చదివిన పిల్లల్లోనే ఉన్నారు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ పుస్తకాలు చదివిన మీకు చదవడం, వినడం సాధనతో వస్తాయి. ఆగిపోయేది మాట్లాడే దగ్గర. అక్కడ ఒక అంశం ఇచ్చి, నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల వరకు మాట్లాడమంటారు. పిల్లలు కోచింగులో బట్టీ పట్టిన పారిస్ గురించో, స్విట్జర్లాండ్ గురించో చెప్పబోయి మధ్యలో మాట తప్పుతారు. మీరు చూసిన చోటు గురించి అడిగితే తేలినీలాపురం చెప్పండి, ఎక్కడి నుంచో వచ్చిన కొంగలు, గూడబాతులు ఊరి చెట్ల మీద గూళ్లు కడితే ఊరివాళ్లు వాటిని ఎలా కాపాడుకుంటారో చెప్పండి. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు, అరసవల్లి రథసప్తమి జాతర, మీ పలాసలో జీడిపప్పు కొట్టే ఆడవాళ్ల పని. కళ్లతో చూసినదానికి వాక్యాలు వాటంతట అవే వస్తాయి. రోజూ రాత్రి ఒక అంశం తీసుకుని ఫోనులో రికార్డు చేసి, మర్నాడు వినండి. తప్పులు మీకే తెలుస్తాయి. పరీక్ష కేంద్రం విశాఖలో ఉంది, ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. జీఆర్ఈ ప్రవేశ పరీక్ష మాత్రం మీరు ఎంచుకున్న కోర్సు అడిగితేనే రాయండి. జర్మనీలో చాలా కోర్సులకు అక్కర్లేదు.

దానికి బదులు ఆ సమయాన్ని జర్మన్ భాషకు ఇవ్వండి. కోర్సు ఇంగ్లిషులో ఉన్నా, అద్దె ఒప్పందం, వైద్యుడు, పురపాలక కార్యాలయం జర్మన్‌లోనే ఉంటాయి. విద్యుత్ రంగంలో ఉద్యోగానికి జర్మన్‌లో బీ2 (మధ్యస్థానికి పై) స్థాయి అడిగే సంస్థలే ఎక్కువ. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల నివాస అనుమతి ఇస్తారు, అది మంచి అవకాశం. కానీ భాష రాని వారికి ఆ 18 నెలలు చాలా త్వరగా కరిగిపోతాయి. ఇక్కడి నుంచి వెళ్లేలోపు ఏ2 (ప్రాథమిక) స్థాయి పూర్తి చేయడం మీకు సాధ్యమే.

ఈ చదువు ఎందుకు కోరుకుంటున్నారో వివరిస్తూ రాసే ఎస్‌ఓపీ గురించి ఒక్కటే చెబుతాను. చిన్నప్పటి నుంచి నాకు విద్యుత్తు అంటే ఆసక్తి అని మొదలయ్యే పేరా కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర అందరికీ ఒకటే ఉంటుంది. మీకు రాయడానికి అంతకన్నా ఎంతో బలమైనది ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీరు బడిలో చదువుతున్నారు. స్తంభాలు పడిపోయి ఊళ్లన్నీ చీకట్లో ఉండడం, మోటార్లు నడవక తాగునీటికి కష్టపడడం, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన సిబ్బంది లైన్లు మళ్లీ నిలబెట్టడం చూశారు. తుఫాను తీరంలో పంపిణీ వ్యవస్థ ఎలా ఉండాలి, విడిగా పనిచేయగల చిన్న సౌర గ్రిడ్లు ఎంతవరకు ఆదుకుంటాయి అన్నది నిజమైన పరిశోధనాంశం. మీరు రాసిన ప్రశ్నలో నాలుగో సంవత్సరం ప్రాజెక్టు ఇంకా ఎంచుకోలేదన్నారు. దీన్నే ప్రాజెక్టుగా తీసుకుని, మీ మండలం సబ్‌స్టేషన్‌కు వెళ్లి ఇంజినీర్లతో మాట్లాడి, ఫీడరు వివరాలు అడిగి తెచ్చుకోండి. అప్పుడు ఎస్‌ఓపీ, సిఫారసు లేఖ, వీసా అధికారికి చెప్పే సమాధానం మూడూ ఒకటే కథ చెబుతాయి, ఆ కథ మీదే అవుతుంది. ప్రాజెక్టు చూసిన అధ్యాపకుడే సిఫారసు లేఖ రాస్తే దానికి విలువ. ప్రిన్సిపాల్ హోదా చూసి ఆయన చేత రాయించుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

కాలం ఇలా వేసుకోండి. అక్కడ శీతాకాల సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది. డిసెంబరులోపు ఐఈఎల్‌టీఎస్, కొత్త సంవత్సరం మొదట్లో ఏపీఎస్. దరఖాస్తు గడువులు కోర్సును బట్టి మారుతాయి. జులై 15 అని అందరూ చెప్పుకునే గడువును నమ్ముకోవద్దు, విదేశీ విద్యార్థులకు మార్చి, మే నెలల్లోనే ముగించే కోర్సులు చాలా ఉన్నాయి. ఆఖరి సెమిస్టరు ఫలితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆలస్యమైతే నమోదు సమయానికి ఇబ్బంది, కాబట్టి మే నుంచే పరీక్షల విభాగంతో మాట్లాడుతూ ఉండండి. బ్యాంకు పని జనవరిలో మొదలుపెట్టండి. వీసాకు 75 యూరోల రుసుము, దానికన్నా ముఖ్యం సమయం. జూన్, జులైలలో రద్దీ విపరీతం, ప్రవేశపత్రం వచ్చిన రోజే బ్లాక్డ్ అకౌంట్ తెరవండి. విద్యార్థి వసతి గృహానికి కూడా అదే రోజు దరఖాస్తు పెట్టండి. నిరీక్షణ జాబితా నెలలకొద్దీ ఉంటుంది, బయట గది అద్దె దానికి రెట్టింపు ఉండవచ్చు. గది చూడకుండా ముందు డబ్బు పంపమని అడిగే ప్రకటనలు మోసాలే, ఎంత అందమైన ఫొటోలు పెట్టినా.

అమ్మగారి భయానికి మాటలతో కాదు, వివరాలతో జవాబు చెప్పండి. మీరు వెళ్లే ఊళ్లో ఇప్పుడు చదువుతున్న తెలుగు అమ్మాయి ఒకరితో ఆమెను వీడియోలో మాట్లాడించండి. చాలా విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థుల సంఘాలు ఉంటాయి, అడిగితే కలుపుతారు. గది ఎక్కడ, రాత్రి ప్రయోగశాల నుంచి ఎలా వస్తారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని ఆమెనే అడగనివ్వండి. ఆ అమ్మాయి చెప్పినది నచ్చకపోతే అమ్మగారు వద్దంటారు, అప్పుడు ఇంకో ఊరు చూడండి.

మీ మెమో వెనుక గ్రేడింగ్ పట్టికలో కనీస పాయింటు ఎంత ఉందో, మీ ఇంటికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉందో లేదో ఈ రెండూ చూసి ఇక్కడే రాయండి. వాటిని బట్టి ఏ కోర్సులకు వేయాలో, ఏ బ్యాంకుకు ముందు వెళ్లాలో చెబుతాను.